తొలి కాన్పుకు ముందే తెలియాల్సిన సంగతులు

ప్రశ్న

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం బోధిస్తున్నాను. సంక్రాంతి దాటగానే ఇక్కడి కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఎదిగిన ఆడపిల్లను ఎవరి మీద వదిలి వెళ్లాలో తెలియక కొందరు ఆలోపే పెళ్లి చేసేస్తారు. మా దగ్గర చదివిన ఇద్దరు అమ్మాయిల గురించి రాస్తున్నాను. ఒకామెకు పద్దెనిమిది నిండాయి. ఇంటర్ అయ్యాక పెళ్లయింది, ఆదోనిలో డిగ్రీలో చేరింది. ఇప్పుడే పిల్లలు వద్దని భర్తకూ ఉంది కానీ తల్లికి ఎదురు చెప్పలేడు. ఆశా కార్యకర్తను అడిగితే "ఒక కాన్పు కానివ్వు, తర్వాత చూద్దాం" అన్నదట. మొదటి బిడ్డకు ముందే మాత్రలు వాడితే ఇక పిల్లలే పుట్టరని అత్తగారి భయం. రెండో అమ్మాయికి పదహారేళ్లే. పదో తరగతి మధ్యలో మానిపించి పోయిన ఏడాది పెళ్లి చేశారు. తనకూ ఇప్పుడే పిల్లలు వద్దని నా దగ్గర ఏడ్చింది. ఆమె కోసం నేనేం చేయగలను? ఎవరికైనా చెబితే కేసు అవుతుందా? మూడో సంగతి, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వివరంగా చెప్పినందుకు కొందరు తల్లిదండ్రులు వచ్చి ప్రధానోపాధ్యాయుడి దగ్గర గొడవ చేశారు. ఆ పాఠాన్ని ఇంటి దగ్గర చదువుకొమ్మని వదిలేయడమే మేలా?

సమాధానం

టీచర్ గారూ, మీ ఉత్తరంలోని రెండో అమ్మాయి సంగతి ముందు తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ ఆలస్యం పనికిరాదు.

పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయితో శారీరక సంబంధం, పెళ్లి జరిగినా సరే, మన చట్టం దృష్టిలో నేరమే. భార్య వయసు పదిహేను దాటితే భర్తకు ఉండిన పాత మినహాయింపును సుప్రీంకోర్టు 2017 అక్టోబర్ 11న ఇచ్చిన తీర్పులో పద్దెనిమిదేళ్లకు పెంచింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇటువంటి సంగతి తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలిసి కూడా చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. కాబట్టి కేసు అవుతుందా అన్న మీ ప్రశ్నకు, అయ్యే అవకాశం ఉందనే జవాబు చెప్పక తప్పదు. ఈ సంగతి మీరు ఆ అమ్మాయికి కూడా ముందుగానే చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి తర్వాత ఫోన్ చేస్తే ఆమె ఇంకెవరినీ నమ్మదు. "నీ కోసం నేను ఫలానా వాళ్లతో మాట్లాడాలి, మాట్లాడేటప్పుడు నీ పక్కనే ఉంటాను" అని చెబితే భయపడినా అర్థం చేసుకుంటుంది.

ఫోన్ చేయవలసింది బాలల సహాయ నంబరు 1098కి. అక్కడ చెప్పినవారి పేరు గోప్యంగా ఉంచమని అడగవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి ద్వారా ఆమెకు రక్షణ, వసతి, చదువు మూడూ అడిగే వీలుంది. పదో తరగతి మధ్యలో ఆగిపోయింది కనుక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పించమని మీరు గట్టిగా పట్టుబట్టండి, ఎందుకంటే ఆమెకు ఈ పరిస్థితి నుంచి బయటపడే దారుల్లో ఉండడానికి చోటూ చదువూ ఒకేసారి దొరికేది అదే. ఇంకొకటి, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరే హక్కు ఆమెకు ఉంది. మైనారిటీ తీరిన తర్వాత రెండేళ్ల వరకు, అంటే ఇరవై ఏళ్లు నిండేదాకా, ఆ హక్కు పోదు. ఇవాళ ఆమె ధైర్యం చేయలేకపోయినా ఆ తలుపు మూసుకుపోలేదని ఆమెకు తెలియాలి.

ఇదంతా నడుస్తుండగా వైద్యం ఆగకూడదు. ముందు గర్భం ఉందో లేదో చూడాలి. ఆశా దగ్గర ఉచితంగా దొరికే నిశ్చయ్ కిట్‌తో మూత్ర పరీక్ష చేస్తే కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఆసుపత్రికి వెళితే పోలీసు కాగితం తెమ్మని డాక్టరు అడగడానికి వీల్లేదు. 2020 పోక్సో నిబంధనలు ఆ సంగతి స్పష్టంగా చెప్పడమే కాక, గర్భం వచ్చే అవకాశం గురించి, అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి ఆ పిల్లతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడమని కూడా చెబుతున్నాయి. వైద్యపరంగా చూస్తే రజస్వల అయిన దగ్గర్నుంచీ గర్భనిరోధక మాత్రలు వాడవచ్చు, వయసు తక్కువన్న ఒక్క కారణంతో వాటిని నిరాకరించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అయితే ఆ నిర్ణయం డాక్టరు పరీక్ష చేసి తీసుకోవాలి. మీరే మందుల షాపులో కొని ఆమె చేతిలో పెట్టే పని మాత్రం చేయకండి.

ఒకవేళ గర్భం ఉందని తేలితే, మైనరు విషయంలో తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల అంగీకారంతో గర్భస్రావం చేయవచ్చు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరి అభిప్రాయం చాలు. గర్భస్రావం కోసం వచ్చిన మైనరూ, సంరక్షకులూ కోరితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, గుర్తింపు వివరాలు రాయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29 తీర్పులో చెప్పింది. ఈ తీర్పు ఎంత అవసరమైనదో ఓపీలో కూర్చునే మాలాంటి వాళ్లకు తెలుసు. కేసు భయంతో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు గర్భం నమోదు చేయించుకోకుండా నెలలు గడుపుతారు. లేకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర్నుంచో మందుల షాపు నుంచో గర్భస్రావం మాత్రల కిట్ తెచ్చి మింగేస్తారు. రక్తహీనత ఉన్న పిల్ల ఇంట్లో ఆ మాత్రలు మింగి రెండు రోజులు రక్తం పోయాక ఆసుపత్రికి వచ్చే పరిస్థితిని నేను చూశాను. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఆ మాత్రలతో ప్రాణానికే ప్రమాదం. దయచేసి మీ అమ్మాయిలకు ఈ రెండింటి తేడా చెప్పండి. అత్యవసర మాత్ర వేరు, గర్భస్రావం కిట్ వేరు. మొదటిది కలయిక తర్వాత 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అది గర్భం రాకుండా ఆపేది మాత్రమే, వచ్చిన గర్భాన్ని ఏమీ చేయలేదు. రెండోది డాక్టరు పర్యవేక్షణలోనే వాడవలసిన మందు.

ఇప్పుడు పద్దెనిమిది నిండిన మీ డిగ్రీ విద్యార్థిని దగ్గరికి వస్తాను. ఆమె విషయంలో చట్టపరమైన చిక్కు ఏదీ లేదు. ఆమె మేజరు. మాత్రలకు గాని, ఇంజెక్షన్‌కు గాని, గర్భసంచిలో అమర్చే కాపర్-టికి (లూప్‌కు) గాని భర్త సంతకమో అత్తగారి అనుమతో అడగవలసిన నియమం లేదు. అడ్డు ఉన్నదల్లా ఆ ఆశా కార్యకర్త అన్న మాటలోనే ఉంది: "ఒక కాన్పు కానివ్వు, తర్వాత చూద్దాం."

ఆ మాట ఆమె ఒక్కతెది కాదు, మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం నడిచిన తీరే అలాంటిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో దాదాపు 62 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకున్నవారే. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వంటివి వాడేవారు నామమాత్రం. మన ఊళ్లలో కు.ని. అంటే ఆపరేషనే, ఆపరేషన్ అంటే ఇద్దరు పిల్లల తర్వాతి సంగతి. మరి పెళ్లికీ మొదటి కాన్పుకీ మధ్య, మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య ఏమిటంటే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు, ఎందుకంటే ఎవరూ అడగరు, అడగాలని ఎవరూ నేర్పలేదు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది, దేశ సగటు 23.3 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిలలో అప్పటికే తల్లులైనవారూ గర్భవతులూ కలిపి 12.6 శాతం, దేశ సగటు 6.8 శాతమే. తెలంగాణలో ఆ సంఖ్య 5.8. ఆడపిల్లల చదువులో, ఆసుపత్రి కాన్పుల్లో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రంలో ఈ లెక్క ఇంత ఎక్కువగా ఉండడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

నా గదికి వచ్చే స్త్రీలలో ఈ లెక్క అంతా మనుషుల రూపంలో కనిపిస్తుంది. పదిహేడేళ్లకు పెళ్లి, పద్దెనిమిదికి బిడ్డ, ఇరవైకి ఇంకో బిడ్డ, ఇరవై రెండు ఇరవై మూడుకు ఆపరేషన్. ఆ తర్వాత కొన్నేళ్లకు తెల్లబట్టో నడుంనొప్పో వస్తే "గర్భసంచి తీసేయండమ్మా, ఇక దానితో పనేముంది" అని అడుగుతారు. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ముప్పై దాటకముందే అన్నీ అయిపోయిన ఆ స్త్రీలలో ఎవరికీ తమ జీవితంలో ఒక్కసారైనా, ఇప్పుడు పిల్లలు కావాలా, ఇంకొన్నాళ్లు ఆగుతావా అన్న ప్రశ్న ఎదురు కాలేదు. మీ శిష్యురాలు ఆ ప్రశ్న తనంతట తాను అడిగింది. ఆమెను వెనక్కి పంపడం ఎంతమాత్రం తగదు.

ఆమెకు ఏ పద్ధతి సరిపోతుందో చూద్దాం. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. భర్త ఒప్పుకుంటున్నాడు కనుక నిరోధ్ ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు, సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి కాపాడేది కూడా అదొక్కటే. అయితే దాన్ని ప్రతిసారీ తప్పకుండా వాడాలి. ఒకటి రెండు సార్లు వదిలేస్తే ఇక నమ్మకం పెట్టుకోలేం.

రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు నా దృష్టిలో ఈ అమ్మాయికి బాగా నప్పుతాయి, దానికి ఒక ఇంటి కారణం కూడా ఉంది. అత్తవారింట్లో కోడలు ఎప్పుడు బయట ఉన్నదీ అందరికీ తెలుస్తుంది. నెల తప్పితే చాలు, విశేషమేమోనని ఎదురుచూపులు మొదలవుతాయి. 2017లో ప్రభుత్వం తెచ్చిన అంతర ఇంజెక్షన్ మంచిదే, మూడు నెలలకు ఒకసారి చాలు, కానీ దానితో నెలసరి సక్రమంగా రాకపోవడం, కొందరికి పూర్తిగా ఆగిపోవడం మామూలు. అదే సమయంలో వచ్చిన ఛాయ మాత్రతోనూ మొదట్లో నెలసరి ఆలస్యం కావచ్చు. ఇది హార్మోన్ లేని మాత్ర, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైనది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఆరోగ్యానికి హాని లేకపోయినా, ఈ మార్పుల వల్ల ఇంట్లో ముందు ఆశలు, తర్వాత అనుమానాలు, ఆ తర్వాత గొడవలు పుడతాయి. మాలా-ఎన్ వాడితే ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి నెలసరి క్రమంగా వస్తుంది, రక్తస్రావమూ కడుపునొప్పీ తగ్గుతాయి. ఈ పద్ధతులను పోల్చి చెప్పేటప్పుడు మేము డాక్టర్లం తరచూ ఈ సంగతి వదిలేస్తాం, అమ్మాయిలు మాత్రం మొదట దాని గురించే ఆలోచిస్తారు.

వాడే విధానం ఇలా ఉంటుంది. నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు మొదటి మాత్ర వేసుకోవాలి. స్ట్రిప్‌లో ఇరవై ఎనిమిది ఉంటాయి. మొదటి ఇరవై ఒకటి హార్మోన్ మాత్రలు, చివరి ఏడూ రంగు వేరుగా ఉండే ఐరన్ మాత్రలు. ఒక స్ట్రిప్ పూర్తయిన మర్నాడే కొత్తది మొదలుపెట్టాలి, మధ్యలో విరామం ఇవ్వకూడదు. రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు కొంచెం వికారం, మధ్యలో చుక్కలు కనిపించడం ఉండవచ్చు. అవి సర్దుకుంటాయి, వాటికే భయపడి మానేయవద్దని ముందే చెప్పండి. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజు రెండు వేసుకున్నా ఫరవాలేదు. వరసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ మరిచిపోతే వెంటనే మళ్లీ మొదలుపెట్టి, వారం రోజుల పాటు నిరోధ్ కూడా వాడాలి. సగం నెల సుగ్గిలోనో బంధువుల ఊళ్లోనో గడిపేవారు ఒక స్ట్రిప్ అదనంగా దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే మధ్యలో ఆగిపోవడమే మాత్రలు విఫలం కావడానికి పెద్ద కారణం.

మొదలుపెట్టే ముందు ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన నర్సు (ఏఎన్ఎం) దగ్గర గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు దగ్గర గాని బీపీ చూపించుకోవాలి. బీపీ ఎక్కువగా ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ తలనొప్పి వచ్చేవారు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు ఈ మాత్రలు వాడకూడదు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడుతున్నా ఈ మాత్రలు సరిగ్గా పనిచేయవు, కనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. వాడుతుండగా ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, చూపు మసకబారే తీవ్రమైన తలనొప్పి, కామెర్లు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇవి చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి.

రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనని ఆమె అంటే కాపర్-టి గురించి ఆలోచించవచ్చు. పిల్లలు కాని స్త్రీకి లూప్ వేయకూడదన్న మాట మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. సుఖవ్యాధుల ప్రమాదం లేనప్పుడు, అనుభవం ఉన్నవారు పరీక్ష చేసి వేస్తే అది కూడా వాడదగినదే. దానితో నెలసరిలో రక్తస్రావం కొంత పెరగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిలలో 60 శాతం మందికి రక్తహీనత ఉందని ఆ సర్వే చెబుతోంది కనుక, ముందు హిమోగ్లోబిన్ చూసుకుని నిర్ణయించుకోవడం మంచిది.

అత్తగారి భయం దగ్గరికి వద్దాం. మాత్ర ఆ నెలలో అండం విడుదల కాకుండా ఆపుతుంది, అంతే. గర్భసంచిని ఎండబెట్టదు, వేడి చేయదు, ఎక్కడా పేరుకుపోదు. మానేసిన కొద్ది నెలల్లోనే గర్భం రావచ్చు. అంతర ఇంజెక్షన్ అయితే చివరి డోసు తర్వాత సాధారణంగా ఏడు నుంచి పది నెలలు పడుతుంది, ఆ తర్వాత ఎప్పటిలాగే వస్తుంది. కాని ఆమెతో వాదనకు దిగినట్టు మాట్లాడితే ఫలితం ఉండదు. ఆ పెద్దామె కూడా పదహారు పదిహేడేళ్లకే తల్లి అయి ఉంటుంది. ఆ రోజుల్లో కోడలికి ఏడాది లోపు కడుపు రాకపోతే ఎన్ని మాటలు పడవలసి వచ్చేదో ఆమెకు తెలుసు, ఆ మాటలు తన ఇంటి కోడలు పడకూడదన్న భయం కూడా ఆమె పట్టుదలలో ఉండవచ్చు. కనుక మనవడు వద్దని ఎవరూ అనడం లేదని, కొంచెం ఆగి ఆరోగ్యంగా పుట్టించుకుందామని చెబుతున్నామని ఆమెకు అర్థమయ్యేలా మాట్లాడండి. పంతొమ్మిది దాటని అమ్మాయిల కాన్పుల్లో గుర్రపువాతం, నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు బిడ్డలు ఎక్కువ. రక్తం తక్కువగా ఉన్న అమ్మాయి కాన్పులో కొంచెం రక్తం పోయినా తట్టుకోలేదు. కోడలి రక్త పరీక్ష చీటీ మీద హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉంటే, ముందు దాన్ని పదకొండు పన్నెండుకు తెద్దాం, అప్పటిదాకా ఆగుదామని ఏఎన్ఎం చేత చెప్పించండి. పుస్తకంలో ఉన్న మాట కంటే చీటీ మీది అంకె అత్తగార్లను తొందరగా ఒప్పిస్తుందని నా అనుభవం. ఆ అబ్బాయిని కూడా ఒకసారి పీహెచ్‌సీకి రమ్మనండి. తల్లికి ఎదురు చెప్పలేనివాడు "డాక్టరమ్మ ఏడాది ఆగమన్నది" అని మాత్రం చెప్పగలడు.

ఆశా కార్యకర్త మీద కోపం తెచ్చుకోకండి. కొత్తగా పెళ్లయినవారు మొదటి బిడ్డను రెండేళ్లు వాయిదా వేసుకునేలా చూడడం, గర్భనిరోధకాలను ఇంటికి తెచ్చి ఇవ్వడం ప్రభుత్వం ఆశాలకు అప్పగించిన పనుల్లోవే. అయితే అత్తకు తెలియకుండా కోడలికి మాత్రలు ఇస్తే రేపు ఆ ఇంటి గడప తొక్కనివ్వరన్న భయం ఆమెది, ఆమె కూడా ఆ ఊళ్లోనే బతకాలి. అందుకే ఆమెను ఒత్తిడి చేయకుండా, అమ్మాయిని సబ్‌సెంటర్‌లో ఉండే ఆరోగ్య అధికారి దగ్గరికో పీహెచ్‌సీకో తీసుకెళ్లండి. ఆదోనిలో చదువుతోంది కనుక అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో కౌమార ఆరోగ్య క్లినిక్ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ క్లినిక్కులు నడుస్తాయి. అది 10 నుంచి 19 ఏళ్ల వారందరి కోసం, పెళ్లయినా కాకపోయినా, బడిలో ఉన్నా మానేసినా. కాలేజీ అయ్యాక ఊరి కళ్లు పడకుండా వెళ్లి రావడానికి ఆమెకు అది సులువు.

చివరగా మీ పాఠం సంగతి. దయచేసి వదలకండి. గర్భనిరోధక పద్ధతుల ప్రస్తావన పదో తరగతి జీవశాస్త్రంలోనే ఉంది, అది చెప్పడం మీ ఉద్యోగ బాధ్యత. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలోనూ ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య విషయాలు చెప్పించాలంటోంది, ఆ పదకొండు అంశాల్లో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం కూడా ఒకటి. ఆ ఇద్దరిలో మీ పేరు లేకపోతే చేర్పించమని ప్రధానోపాధ్యాయుడిని కోరండి, అప్పుడు తల్లిదండ్రులకు సమాధానం చెప్పే భారం మీ ఒక్కరి మీద పడదు. మీ పదో తరగతిలో కూర్చున్న అమ్మాయిల్లో కొందరికి వచ్చే ఏడాదికల్లా పెళ్లయిపోవచ్చని మీ ఉత్తరం చదివితే తెలుస్తుంది. వాళ్లలో చాలామందికి ఈ సంగతులు ఒక చదువుకున్న మనిషి నోట వినే అవకాశం ఇంకోసారి రాదు.

గొడవ చేసిన తల్లిదండ్రులను పిలిచి, ముఖ్యంగా తల్లులను విడిగా కూర్చోబెట్టి, మీరు చెప్పబోయేది ముందే వాళ్లకు చెప్పండి. నెలసరి లెక్క, రక్తహీనత, పద్దెనిమిదికి ముందు కాన్పు వల్ల వచ్చే ప్రమాదం, ఎవరైనా ఒంటి మీద చేయి వేస్తే ఎవరికి చెప్పాలి అన్న క్రమంలో మొదలుపెడితే అభ్యంతరం చెప్పేవారు తగ్గుతారు, గర్భనిరోధం ఆ వరసలో సహజంగా వస్తుంది. ఆ తల్లులకే తెలియని సంగతులు ఎన్నో ఉంటాయి. గర్భం వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది నెలసరికి అటూ ఇటూ అనుకునేవారు ఇప్పటికీ చాలామంది. నిజానికి అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు, వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు, పైగా ఈ వయసు పిల్లలకు నెలసరి క్రమంగా రాదు కనుక రోజులు లెక్కపెట్టుకుని గర్భం రాకుండా చూసుకోవడం వీళ్లకు కుదిరే పని కాదు. ఈ ఒక్క సంగతి బొమ్మ గీసి చెప్పి చూడండి, వచ్చిన తల్లులే ఇంకా చెప్పమంటారు.

అబ్బాయిలను బయటికి పంపి అమ్మాయిలకే చెప్పడం మన బడుల్లో అలవాటు. మొదటి తరగతి విడివిడిగా పెట్టండి, ఎందుకంటే అమ్మాయిలు నోరు విప్పాలంటే అది అవసరం. కాని అబ్బాయిలకూ అదే పాఠం, అంతే వివరంగా, ఒక మగ ఉపాధ్యాయుడి చేత చెప్పించండి. మీ శిష్యురాలి భర్తకు పదో తరగతిలో ఎవరైనా ఇదంతా చెప్పి ఉంటే అతను ఇప్పుడు తల్లి ముందు మాట పెగలక నిలబడేవాడు కాదేమో. మీ బడిలో నాప్‌కిన్లు పంచే రోజు ఉంటే దాన్ని కూడా వాడుకోవచ్చు. ఆ రోజు అమ్మాయిలు ఎలాగూ ఒకచోట చేరతారు, పది నిమిషాలు మాట్లాడితే ఎవరికీ వింతగా అనిపించదు.

తరగతి గదిలో ఒక మూతపెట్టిన డబ్బా ఉంచి, పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి వేయమని చెప్పండి. అందరూ ఒక చీటీ వేయాలనీ, అడగడానికి ఏమీ లేకపోతే ఖాళీ చీటీ వేయమనీ చెబితే ఎవరు అడిగారన్న ఆరా ఉండదు. వాటిలో వచ్చే ప్రశ్నలను ఏఎన్ఎం బడికి వచ్చే రోజుకు ముందే ఆమెకు ఇవ్వండి, ఆమె సిద్ధపడి రాగలదు. ఎవరైనా తనకు జరుగుతున్న హాని గురించి రాస్తే, దాన్ని తరగతిలో చదవకుండా పక్కన పెట్టి, మీతో విడిగా మాట్లాడవచ్చని అందరికీ కలిపి చెప్పండి. మీకూ ఏఎన్ఎంకూ జవాబు తెలియని చీటీలు మిగిలితే నాకు పంపండి, ఊరి పేరు లేకుండా ఇక్కడే సమాధానం రాస్తాను.